అజీర్తి అని రాసిన చావులు: గుండెపోటును రక్తంలో పట్టుకున్న చరిత్ర



పోయిన వానాకాలం మన గ్రూపులోని ఒక తమ్ముడి పెదనాయన చనిపోయాడు. రాత్రి అన్నం తిన్నాక ఛాతీ మీద బండ పెట్టినట్టు ఉందన్నాడు, చెమటలు పట్టినయి. ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకొని వాము నీళ్ళు తాగించారు. తగ్గకపోతే ఆటోలో టౌన్‌కి తీసుకుపోయారు. నొప్పి మొదలై గంటన్నర అయ్యేసరికి ఆసుపత్రిలో ఉన్నారు. మన ఏజెన్సీ లెక్కలో అది చాలా తొందరగా పోయినట్టే. అక్కడ ఈసీజీ తీసి పెద్దగా తేడా లేదన్నారు. వేలంత ఉండే స్ట్రిప్ మీద రక్తం చుక్క వేశారు. ఒక్క గీతే వచ్చింది. "గుండెది కాదు, గ్యాసే" అని ఇంజెక్షన్ చేసి, గోళీలు ఇచ్చి పంపించారు. తెల్లారకముందే ఇంట్లో ప్రాణం పోయింది.

ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయట్లేదు. ఎందుకంటే ఇది ఒక్క ఆసుపత్రి కథ కాదు. తమ్ముడు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, టెస్ట్ చేశారు గదా, మరి ఎట్లా చనిపోయాడు?" నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, డిగ్రీ చదువుతున్నోళ్ళం కొంతమందిమి కూర్చొని దానికి జవాబు వెతికాం. వెతుకుతూ పోతే వంద ఏళ్ళ చరిత్ర వచ్చింది. ఆ స్ట్రిప్ దేన్ని వెతుకుతుందో, దాన్ని ఎవరు కనిపెట్టారో, అది ఎప్పుడు మాట్లాడుతుందో, ఎప్పుడు మాట్లాడదో తెలిస్తేనే తమ్ముడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

సికిల్ సెల్ చూసిన డాక్టరే గుండెపోటునూ చూశాడు

మనలో చాలామందికి సికిల్ సెల్ పరీక్ష చేసి కార్డులు ఇచ్చారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. మన దేశంలో ఈ జబ్బు ఆనవాళ్ళు మొదట నీలగిరి కొండల ఆదివాసుల్లో 1952లో దొరికినయి. కానీ వైద్య పత్రికలో దీన్ని మొదట రాసింది అమెరికాలోని చికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్, 1910లో. ఆ రోగి పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియన్ ద్వీపం గ్రెనడా నుంచి చికాగోకి దంతవైద్యం చదవడానికి వచ్చిన నల్లజాతి విద్యార్థి. అతని రక్తంలో కొడవలి ఆకారం కణాలను ముందుగా చూసింది హెరిక్ దగ్గర పనిచేసే జూనియర్ డాక్టర్ ఎర్నెస్ట్ ఐరన్స్.

అదే హెరిక్ రెండేళ్ళ తర్వాత, 1912లో ఇంకో వ్యాసం రాశాడు. అది గుండె రక్తనాళాలు హఠాత్తుగా మూసుకుపోవడం గురించి. అప్పటిదాకా డాక్టర్ల నమ్మకం ఏందంటే, గుండె రక్తనాళం మూసుకుపోతే మనిషి అక్కడికక్కడే పోతాడని. బతికి ఉండి ఛాతీలో, కడుపు పైభాగంలో నొప్పి అని, వాంతులని వచ్చినోళ్ళకి "తీవ్రమైన అజీర్తి" అని రాసేవాళ్ళు. కొన్ని రోజులకి పోతే చావు కారణం కూడా అదే రాసేవాళ్ళు.

హెరిక్ రాసిన రోగుల్లో ఒకాయనకి 55 ఏళ్ళు. భోజనం చేసిన గంటకి గుండె కింది భాగంలో గట్టిగా నొప్పి వచ్చింది. తిన్నది పడలేదనుకొని గొంతులో వేలు పెట్టుకొని కక్కాడు. నొప్పి పోలేదు. 52 గంటలు బతికి చనిపోయాడు. శవపరీక్షలో గుండె రక్తనాళంలో గడ్డ కనిపించింది. రక్తనాళం మూసుకుపోయినా మనిషి గంటలు, రోజులు, కొందరు ఏళ్ళు కూడా బతకొచ్చని, కాబట్టి బతికుండగానే జబ్బును గుర్తుపట్టాలని హెరిక్ వాదించాడు. మొదట్లో ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

ఈ భాగం చదివినప్పుడు మేము కాసేపు ఆగిపోయాం. చికాగోలో 1912కి ముందు "అజీర్తి". మన ఊర్లో ఇప్పుడు "గ్యాస్". మాట మారింది, పొరపాటు అదే. దీనికి చదువు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. గుండె నొప్పి నిజంగానే కడుపు నొప్పిలాగా వస్తది. పెద్ద డాక్టర్లే చాలా కాలం మోసపోయారు.

తీగ మీద గీతలు

గుండె లోపల ఏం జరుగుతుందో బయటి నుంచి చూపించిన సాధనం ఈసీజీ. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెం ఐంథోవెన్ 1900ల మొదట్లో దాన్ని తయారుచేశాడు. ఇప్పుడు అంబులెన్స్‌లో సంచిలో పట్టే యంత్రం అప్పుడు దాదాపు 270 కిలోలు. రోగి చేతులు, కాలు ఉప్పునీళ్ళ గిన్నెల్లో పెట్టి కూర్చోవాలి. యంత్రం ల్యాబ్‌లో, రోగులు ఆసుపత్రిలో. దాంతో 1905లో ఒకటిన్నర కిలోమీటర్ దూరం నుంచి టెలిఫోన్ తీగ ద్వారా గుండె గీతలు పంపించాడు. ఈరోజు మారుమూల ఆసుపత్రి నుంచి పట్నంలో ఉన్న గుండె డాక్టర్‌కి ఫోన్‌లో ఈసీజీ పంపడం కొత్త ఆలోచన కాదన్నమాట. ఐంథోవెన్‌కి 1924లో నోబెల్ వచ్చింది.

ఈసీజీ గొప్పదే, కానీ దానికి ఒక లోపం ఉంది. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన కొన్ని రకాల గుండెపోట్లను వెంటనే చూపిస్తది. సగం మూసుకున్నవి, ఇప్పుడిప్పుడే మొదలైనవి అయితే గీతలు మామూలుగా కూడా ఉండొచ్చు. అందుకే డాక్టర్లకి రెండో సాక్షి కావాల్సి వచ్చింది.

చిరిగిన బస్తా

ఆ రెండో సాక్షి రక్తంలో దొరికింది. బండి మీద పోతున్న బస్తా చిరిగితే దారెంట గింజలు పడతాయి. బస్తాను చూడకపోయినా పడిన గింజల్ని చూసి ఏది చిరిగిందో చెప్పొచ్చు. గుండె కండకి రక్తం అందకపోతే కణాలు చచ్చి పగులుతాయి. లోపలున్న ప్రోటీన్లు రక్తంలోకి కారతాయి. ఆ ప్రోటీన్‌ని పట్టుకుంటే గుండె దెబ్బతిన్నదని తెలుస్తది.

దీన్ని మొదట పట్టుకున్నది 1954లో న్యూయార్క్‌లో. జాన్ లడ్యూ, ఫెలిక్స్ రోబ్లెవ్‌స్కీ, ఆర్థర్ కార్మెన్ అనే ముగ్గురు. వీళ్ళలో కార్మెన్ అప్పటికి ఇంకా కుర్రాడు, కొత్తగా వైద్యంలోకి వచ్చినవాడు. గుండెపోటు వచ్చినవాళ్ళ రక్తంలో ఒక ఎంజైమ్ పెరుగుతుందని, కొన్ని రోజులకి తిరిగి తగ్గుతుందని చూపించారు. ఆ ఎంజైమ్ పేరు మనకి కొత్త కాదు: ఎస్‌జీఓటీ. కామెర్లు వస్తే చేసే లివర్ టెస్ట్ రిపోర్టులో ఉంటది చూడండి, అదే.

సమస్య కూడా అక్కడే ఉంది. ఎస్‌జీఓటీ గుండెలో ఉంటది, కాలేయంలో ఉంటది, కండల్లో ఉంటది. దారిలో వడ్లు కనిపించినయి, కానీ బండి మీద నాలుగు వడ్ల బస్తాలున్నయి. ఏది చిరిగింది? తర్వాత ఎల్‌డీహెచ్ వచ్చింది. అది కూడా ఒంట్లో అన్నిచోట్లా ఉంటది. పైగా రెండు మూడు రోజులకి గాని బాగా పెరగదు.

1959లో జపాన్‌లో సెత్సురో ఎబాషి, ఆయన తోటివాళ్ళు కండలు క్షీణించే జబ్బు ఉన్నవాళ్ళ రక్తంలో క్రియేటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ పెరుగుతుందని చూశారు. ఆ వెంటనే 1960లో ఫ్రాన్స్‌లో దాన్నే గుండెపోటు రోగుల్లో చూశారు. అందులో గుండె కండలో ఎక్కువగా ఉండే రకాన్ని విడదీసి సీకే-ఎంబీ అన్నారు. 1970ల నుంచి పాతికేళ్ళకు పైగా ఆసుపత్రులు దీని మీదే నడిచినయి. నొప్పి మొదలైన నాలుగు నుంచి ఆరు గంటలకి పెరిగి, రెండు మూడు రోజుల్లో మామూలు అవుతది. అయినా గట్టి సాక్షి కాదు. కింద పడి కండకి దెబ్బ తగిలినా, బాగా బరువు మోసినా కొంత పెరుగుతది. మోత పని చేసేవాళ్ళ రక్తంలో సీకే ఎంత ఉంటదో ఆలోచించండి.

ఎబాషి వెతికింది గుండెపోటును కాదు

అసలు మలుపు మళ్ళీ ఆ ఎబాషి నుంచే వచ్చింది. టోక్యోలో ఆయన పట్టుకున్న ప్రశ్న వేరే. కండ ఎట్లా బిగుసుకుంటది? ఎట్లా వదులవుతది? దీన్ని నడిపేది కాల్షియం అని ఆయన అంటే పడమటి దేశాల శాస్త్రవేత్తలు చాలామంది మొదట నమ్మలేదు. కాల్షియం లాంటి మామూలు ఖనిజం ఇంత పెద్ద పని చేస్తదా అన్నారు. ఆయన వదల్లేదు. 1965లో అయాకో కొడామాతో కలిసి కండలో ఒక కొత్త ప్రోటీన్‌ని వేరుచేసి దానికి ట్రోపోనిన్ అని పేరు పెట్టాడు. కాల్షియం వచ్చి అంటుకునేది దానికే.

1970ల మొదట్లో అమెరికాలో మారియన్ గ్రీజర్, జాన్ గెర్గెలీ ఇది ఒకటి కాదు మూడు అని తేల్చారు. కాల్షియాన్ని పట్టుకునేది సి. కండ బిగుసుకోకుండా ఆపేది ఐ. ఈ జట్టును కండ పోగుకి కట్టి ఉంచేది టి. తర్వాత తెలిసిన ముఖ్యమైన సంగతి ఏందంటే, సి రకం గుండెలోనూ, కొన్ని మామూలు కండల్లోనూ ఒకటే. కానీ ఐ, టి రకాలు గుండెలో వేరే అచ్చుతో ఉంటాయి. అంటే గుండె బస్తాలో మాత్రమే ఉండే గింజ దొరికింది.

కార్మెన్‌వాళ్ళు గుండెపోటు పరీక్ష కోసమే వెతికారు. ఎబాషి మాత్రం కండ ఎట్లా పనిచేస్తదో తెలుసుకోవాలని కూర్చున్నాడు. ఈరోజు లోకమంతా వాడే పరీక్ష రెండో దారి నుంచి వచ్చింది. మనలో బేసిక్ సైన్స్ చదివే తమ్ముళ్ళని, చెల్లెళ్ళని "దీంతో ఉద్యోగం వస్తదా" అని అడిగేవాళ్ళకి ఈ కథ చెప్పండి.

తొందర ఎందుకు వచ్చింది

1980ల దాకా గుండెపోటు అని ఒక రోజు ముందు తెలిసినా, వెనక తెలిసినా పెద్ద తేడా లేదు. పడుకోబెట్టడం, నొప్పికి మందు ఇవ్వడం, లయ తప్పితే సరిచేయడం, అంతవరకే వైద్యం. తొందర అనేది మందుతో వచ్చింది. 1986లో ఇటలీలో 11 వేల మందికి పైగా రోగుల మీద జరిగిన జిస్సీ పరిశోధన, గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ చావుల్ని తగ్గిస్తదని తేల్చింది. మొత్తం మీద చావులు 18 శాతం తగ్గినయి. నొప్పి మొదలైన గంటలోపు ఇచ్చినవాళ్ళలో అయితే 47 శాతం. ఒకటే మందు, తేడా అంతా టైమ్‌లో. 1988లో 17 వేల మందితో జరిగిన ఐసిస్-2 పరిశోధన ఇంకో మాట చెప్పింది. ఆస్పిరిన్ గోళీలు కూడా చావుల్ని దాదాపు పావు వంతు తగ్గిస్తయి.

ఇక అప్పటి నుంచి "ఇది గుండెపోటేనా?" అనే ప్రశ్నకి గంటల్లో జవాబు కావాలి. సరిగ్గా అదే కాలంలో 1987లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో కమిన్స్ బృందం ట్రోపోనిన్ ఐని, 1989లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో హ్యూగో కాటూస్ బృందం ట్రోపోనిన్ టిని గుండెపోటు రోగుల రక్తంలో కొలిచి చూపించాయి. కాటూస్ మొదటి పరీక్షలో ఒక చిక్కు ఉంది. మామూలు కండల ట్రోపోనిన్‌ని కూడా కొంత పట్టుకునేది. తర్వాత తరం పరీక్షలో దాన్ని సరిచేశారు.

1992లో, 1996లో వచ్చిన పరిశోధనలు ఇంకో కొత్త విషయం బయటపెట్టాయి. సీకే-ఎంబీ మామూలుగా ఉండి "గుండెపోటు కాదు" అనిపించుకున్నవాళ్ళలో కొందరికి ట్రోపోనిన్ పెరిగి ఉంది. చనిపోయే ప్రమాదం వాళ్ళకే ఎక్కువ. అంటే పాత పరీక్ష చిన్న గుండెపోట్లను వదిలేస్తూ వచ్చింది. 2000లో యూరప్, అమెరికా గుండె వైద్యుల సంఘాలు కలిసి గుండెపోటు నిర్వచనాన్నే మార్చాయి. ట్రోపోనిన్ ప్రధాన సాక్షి అయింది. ఆరోగ్యవంతులు వంద మందిలో తొంభై తొమ్మిది మందికి ఉండే హద్దును దాటి, కాస్త గంటల తేడాలో పెరుగుతూనో తగ్గుతూనో ఉండి, దానికి తోడు నొప్పో, ఈసీజీ మార్పో ఉంటే గుండెపోటు.

ఇక్కడ "పెరుగుతూనో తగ్గుతూనో" అన్న మాట మీద గీత గీసుకోండి. కిడ్నీ జబ్బు, రక్తంలో పెద్ద ఇన్ఫెక్షన్, గుండె కండ వాపు, ఊపిరితిత్తుల్లో గడ్డ, వీటిలో కూడా ట్రోపోనిన్ పెరుగుతది. గుండె కండ దెబ్బతిన్నదని ట్రోపోనిన్ చెప్తది గానీ, ఎందుకు దెబ్బతిన్నదో చెప్పదు. అందుకే ఒక్కసారి కొలత సరిపోదు, రెండు కొలతలు కావాలి.

ఆడవాళ్ళ లెక్క వేరు

2009లో హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ పరిశోధనలు వచ్చినయి. కొలత లీటర్‌కి నానోగ్రాముల్లో. నానోగ్రామ్ అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో సగం మందికి పైగా కూడా ఎంతో కొంత లెక్క చూపించగలిగితేనే దానికి ఆ పేరు ఇస్తారు. దీంతో మూడు గంటల తేడాలో రెండుసార్లు, 2015 నుంచి యూరప్ పద్ధతిలో గంట తేడాలో రెండుసార్లు కొలిచి చాలామందికి తేల్చేస్తున్నారు. అమెరికాలో ఈ పరీక్షకి అనుమతి 2017లో గాని రాలేదు.

2015లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో పరిశోధకులు ఇంకొకటి చూశారు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళలో ట్రోపోనిన్ మగవాళ్ళ కంటే తక్కువ. హద్దు మాత్రం ఇద్దరికీ ఒకటే పెట్టారు. హై సెన్సిటివిటీ పరీక్షతో ఆడవాళ్ళకి వేరే హద్దు పెట్టి చూస్తే, గుండెపోటు అని తేలిన ఆడవాళ్ళు 11 శాతం నుంచి 22 శాతానికి పెరిగారు. మగవాళ్ళలో 19 నుంచి 21. అంటే అనుమానంతో వచ్చిన ఆడవాళ్ళలో సగం గుండెపోట్లు కనబడకుండా పోయినయి. మన అమ్మలు, అత్తలు "ఆయాసంగా ఉంది, నడుం గుంజుతుంది, నీరసం" అంటే పని ఎక్కువై అంటాం. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా రావొచ్చు. ఇది గుర్తుంచుకోండి.

తమ్ముడి ప్రశ్నకి జవాబు

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. పెదనాయనకి చేసింది ట్రోపోనిన్ స్ట్రిప్. చిన్న ఆసుపత్రుల్లో ఉండేవి ఎక్కువ ఇవే. అంకె చెప్పవు, గీత మాత్రమే చూపిస్తయి. ఇట్లాంటి పరీక్షల్లో ట్రోపోనిన్ కనబడాలంటే నొప్పి మొదలైన దగ్గర నుంచి మూడు నుంచి ఆరు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతది. ఆయనకి చేసింది గంటన్నరకి. బస్తా చిరిగింది, గింజలు ఇంకా దారిలో పడలేదు. స్ట్రిప్ అబద్ధం చెప్పలేదు. "ఇప్పటిదాకా నాకేం కనబడలేదు" అంది. దాన్ని "గుండెపోటు లేదు" అని చదివారు. హై సెన్సిటివిటీ పరీక్ష ఉన్నచోట కూడా, నొప్పి మొదలై మూడు గంటలు కాకపోతే ఒక్క కొలత చూసి ఇంటికి పంపకూడదనే నియమం ఉంది.

చేయాల్సింది ఏంటంటే, ఆయన్ని అక్కడే ఉంచి ఈసీజీ మళ్ళీ తీయడం, కొన్ని గంటల తర్వాత రక్తం మళ్ళీ చూడడం. అది జరిగి ఉంటే బతికేవాడా? కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ ఒక అవకాశం ఉండేది.

మనకి ఇంకో చేదు లెక్క ఉంది. డోలీలో మోసుకొని, వాగు దాటి, రోడ్డెక్కి వచ్చేసరికి ఆరేడు గంటలు అయిపోతే స్ట్రిప్ బాగానే పనిచేస్తది. కానీ అప్పటికి గడ్డ కరిగించే మందుకి మంచి టైమ్ పోతది. తొందరగా వస్తే టెస్ట్ చూపించదు, ఆలస్యంగా వస్తే మందు అంతగా పనిచేయదు. ఈ రెండింటి మధ్య మన మనుషులు పోతున్నారు. 2005లో మన రాష్ట్రాల్లో 108 వచ్చింది, కొన్ని ఏజెన్సీల్లో బైక్ అంబులెన్స్‌లు వచ్చినయి. బండి రావడం సగం పని. బండి దించిన చోట ఈసీజీ తీసి చదివేవాళ్ళు, రెండోసారి టెస్ట్ చేసేదాకా ఆపేవాళ్ళు ఉండడం మిగతా సగం. మన సంఘాలు రోడ్డు, అంబులెన్స్ అడిగినట్టే పీహెచ్‌సీలో పనిచేసే ఈసీజీ మిషన్, ట్రోపోనిన్ కిట్లు, గుండె డాక్టర్‌కి ఫోన్ లైన్ కూడా అడగాలి.

మనం ఇంటి దగ్గర చేయగలిగినవి కొన్ని ఉన్నయి.

నొప్పి, చెమట, ఆయాసం మొదలైన టైమ్ రాసిపెట్టుకోండి. డాక్టర్‌కి మొదట చెప్పాల్సింది అదే. వాము నీళ్ళతో తగ్గుతదేమోనని చూస్తూ కూర్చోవద్దు, 108కి చెయ్యండి. ఆస్పిరిన్ గురించి వాళ్ళనే అడగండి, అందరికీ పడదు.

ఆసుపత్రిలో మొదట ఈసీజీ. అందులో గుండెపోటు స్పష్టంగా కనిపిస్తే రక్త పరీక్ష కోసం ఆగే పని లేదు, వైద్యం మొదలుపెడతారు.

టెస్ట్ నెగెటివ్ అంటే గొడవ పడకుండా, మర్యాదగా ఒక్క మాట అడగండి: "సార్, నొప్పి మొదలై ఇంతసేపే అయింది. మళ్ళీ ఎప్పుడు చేస్తారు? అప్పటిదాకా ఇక్కడే ఉంటాం." ఈ మాట అడిగే హక్కు మనకి ఉంది.

రెండో టెస్ట్ వేరే ల్యాబ్‌లో చేయిస్తే రెండు అంకెల్ని పోల్చొద్దు. కంపెనీని బట్టి, ఐ రకమా టి రకమా అన్నదాన్ని బట్టి లెక్కలు మారతాయి.

సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ళకి ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే అది ఊపిరితిత్తుల ప్రమాదం కూడా కావొచ్చు. కార్డు వెంట తీసుకుపోయి ముందే చూపించండి.

హెరిక్ 1912లో చెప్పింది, బతికుండగానే గుర్తుపట్టండి అని. దాని కోసం చికాగో, లైడెన్, న్యూయార్క్, టోక్యో, హైడెల్‌బర్గ్‌లో వంద ఏళ్ళు పనిచేశారు. ఆ పని చివరికి ఒక చిన్న స్ట్రిప్ అయి మన టౌన్ దాకా వచ్చింది. దాన్ని ఎట్లా చదవాలో మాత్రం ఇంకా మన దగ్గరికి పూర్తిగా రాలేదు.

తమ్ముడూ, పెదనాయన విషయంలో మీ ఇంటివాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు. గంటన్నరలో తీసుకుపోయారు. ఆ మాట అమ్మకి చెప్పు.

మిగతా అందరికీ ఒక్క పని. ఇది మొత్తం చదివి వినిపించే ఓపిక ఊర్లో ఎవరికీ ఉండదు. పైన రాసిన నాలుగైదు ముక్కలు కోయలో, గోండిలో, కువిలో, సవరలో, లంబాడీలో, మీ ఇంట్లో ఏది మాట్లాడితే అందులో వాయిస్ రికార్డ్ చేసి మీ ఊరి గ్రూపులో పెట్టండి. హాస్టల్లో ఉన్నవాళ్ళు ఈ ఆదివారమే చెయ్యండి. తప్పులుంటే ఆశా అక్కకో, ఏఎన్ఎంకో చూపించి సరిచేసుకోండి.

జోహార్.